గంగవాయిలి కూరకు సిగ్గెందుకు?

ఈసారి మన గోడ పత్రికలో తిండి గురించి రాస్త అంటే మా రూములో అందరు నవ్విండ్రు. "తిండి గురించి రాసేదేమున్నదే, తినుడే కదా" అన్నరు. నవ్వినా సరే, చివరి దాకా చదవండి. చదివినాక తిట్టినా మంచిదే.

ముందుగా నా తప్పు నేను చెప్పుకుంటాను. పోయిన ఏడాది వానకాలంలో తల్లిదండ్రులు వచ్చే ఆదివారం మా అవ్వ నన్ను చూడ వచ్చింది. మాది అడవి పక్కన నాయకపోడు గూడెం. అవ్వ చీకటితోనే లేచి, రెండు బస్సులు మారి, ఎడపల్లిలో దిగి నడుచుకుంట వచ్చింది. టిఫిన్ డబ్బాలో నాలుగు జొన్న రొట్టెలు, గంగవాయిలి కూర పప్పు తెచ్చింది. నా పక్కన కూసున్న అమ్మాయికి బోధన్ నుండి బిర్యానీ, కూల్ డ్రింకు వచ్చినయి. ఇంకొకామెకు చిప్స్ పొట్లాలు దండ లెక్క వచ్చినయి. నాకు సిగ్గయింది. "ఇప్పుడు ఆకలి లేదే అవ్వా, తర్వాత తింట" అని డబ్బా మూత కూడ తియ్యలేదు. పెట్టెలో దాచిన. తెల్లారి తీస్తే పప్పు పులిసి వాసన వచ్చింది. ఎవరూ చూడకుండ పారబోసిన.

ఆ రోజు అవ్వ ఏమీ తినకుండనే వచ్చిందట. ఇంట్ల ఉన్న పప్పు మొత్తం నాకే వండిందట. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు మా తమ్ముడు చెప్పిండు. నాకు నోట మాట రాలేదు.

ఈ ఏడాది మనకు రక్త పరీక్ష చేసినప్పుడు నాకు 8.9 వచ్చింది. 12 ఉండాలని నర్సమ్మ చెప్పింది. "ఆకుకూరలు తింటవా బిడ్డా?" అని అడిగింది. "తింట" అని అబద్ధమాడిన. నిజమేమంటే పప్పులో ఆకు కనబడితే ఏరి ప్లేటు అంచుకు పెట్టేది నేనే. నేను ఒక్కదాన్నే కాదు. మధ్యాహ్నం చెయ్యి కడిగే కాడ బకెట్ చూడండి. సగం ఆకులే ఉంటయి.

ఇది మన ఒక్క హాస్టల్ కథ కాదు. 2019-21లో దేశమంతటా చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో వందకు 59 మందికి రక్తహీనత ఉన్నదని తేలింది. అంటే బెంచీకి ఐదుగురు కూసుంటే ముగ్గురికి. పరుగు పందెంలో ఆయాసం రావడం, సాయంత్రం స్టడీ అవర్లో పుస్తకం మీద తల వాలిపోవడం, మెట్లెక్కితే కండ్లు తిరగడం, ఇవన్నీ బద్ధకం అనుకుంటాము. టీచర్లు కూడ అట్లనే అనుకుంటరు. అన్నిసార్లు బద్ధకం కాదు, కొన్నిసార్లు నెత్తురు తక్కువ. వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీని కొందరు కిటికీలోంచి పారేస్తున్నరు. అది కూడ తప్పే. కానీ గోలీ ఒక్కటే సరిపోదు. కంచంలో కూడ ఉండాలె.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని సామెత. మన ఇంటి వెనుక ఉన్నదానికి మనమే విలువ ఇవ్వము అని దాని అర్థం. గంగవాయిలి, తోటకూర, పుంటికూర, పొన్నగంటికూర, మునగాకు, చింతచిగురు, వీటిలో ఏది మనకు తెల్వదు? మా గూడెంలో నడక నేర్చిన పిల్లకు కూడ ఏది తినే ఆకో, ఏది తినరానిదో తెలుస్తది. బడికి వచ్చినాక మనము ఇంగ్లీషులో ఆపిల్ స్పెల్లింగు నేర్చుకున్నాము, గంగవాయిలి పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నాము. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. చదువుకుంటే అవ్వ తెచ్చిన కూరను దాచిపెట్టాలని ఏ పాఠంలో లేదు. అది నేను నాకు నేనే నేర్చుకున్న పాఠం.

మన చుట్టు చూడండి. నిజాంసాగర్ కాలువ నీళ్ళ వల్ల ఎడపల్లి, బోధన్ వైపు ఎక్కడ చూసినా వరే. ఒకప్పుడు చెరుకు ఎక్కువ ఉండేదట. బోధన్ శక్కర్ నగర్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని 1937లో పెట్టిండ్రు. 2015 డిసెంబరులో అది మూతపడ్డది. మా తాత వయసులో ఉన్నప్పుడు ఈ వైపు చెరుకు కొట్టుడుకు వచ్చేవాడు. పొద్దుగాల రెండు జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కారం మూట కట్టుకుంటే పొద్దుమూకే దాకా కత్తి ఆపేవాడు కాదట. ఆ ఫ్యాక్టరీకి చెరుకు కొట్టిన మనుషులు చక్కెర తిని బలపడలేదు, జొన్న తిని బలపడ్డరు. ఇప్పుడు మనము జొన్నను పేదోళ్ళ తిండి అంటున్నాము.

ఇంకొక వింత సంగతి. మన నిజామాబాద్ జిల్లాలోనే ఆర్మూరు, బాల్కొండ వైపు ఎర్రజొన్న బాగ పండిస్తరు. అది మన పొయ్యి మీదికి రాదు. పశువుల గడ్డి విత్తనం కోసం ఉత్తరాది రాష్ట్రాలకు లారీలలో పోతది. మన నేల జొన్న పండిస్తది కానీ మన కంచం దాన్ని చూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటది. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడ ఉండదు. బియ్యం చెడ్డది అని నేను అనడం లేదు. నేను కూడ అన్నమే ఎక్కువ తింట. మూడు పూటలు ఒక్కటే ఎందుకు అని అడుగుతున్నాను.

మనకు దక్షిణాన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983 నుండి పని చేస్తున్నది. అందులో ఎక్కువమంది బీద దళిత మహిళలు. వాళ్ళు జొన్న, సజ్జ, కొర్ర, కంది ఒక్క చేనులోనే కలిపి పండిస్తరు. విత్తకుండనే చేనులో మొలిచే ఆకును కలుపు అనరు, కూర అని తెంపుకుంటరు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023వ సంవత్సరాన్ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ప్రపంచం మెచ్చుకున్నదాన్ని మనము పెట్టెలో దాచిపెడుతున్నాము.

ఇప్పుడు వార్డెన్ మేడం గారికి నా విన్నపం. దయచేసి కోపం చేసుకోవద్దు. మేడం, 2024లో ప్రభుత్వం మెస్ చార్జీలు పెంచింది. మా తరగతికి నెలకు 1100 రూపాయలు ఉన్నది 1540 అయింది. 30తో భాగిస్తే రోజుకు 51 రూపాయలు. పొద్దున టిఫిను నుండి రాత్రి అన్నం దాకా అన్నీ అందులోనే. అందులో మీరు ఎంత కష్టపడి నడిపిస్తున్నరో మాకు తెలుసు. కానీ ఆకుకూర సోమవారం వస్తే గురువారం దాకా వండుతరు. అప్పటికి అది వాడి పసుపు రంగు అయితది. పిల్లలు ఏరి పారేసేది అందుకే కూడ. తాజా కూర అయితే సగం మంది తింటరని నా నమ్మకం.

నా సలహాలు మూడు.

ఒకటి. చేతులు కడిగే నీళ్ళు గోడ వెనుక మురికి గుంటలో నిలిచి దోమలు అయితున్నయి. ఆ నీళ్ళను మళ్ళించి నాలుగు మడులు చేసుకుంటే తోటకూర, పుంటికూర, పాలకూర వస్తయి. తోటకూర నెల రోజులలోనే తెంపుకోవచ్చు. ప్రహరీ వెంబడి నాలుగు మునగ కొమ్మలు నాటితే చాలు, విత్తనం ఖర్చు కూడ లేదు.

రెండు. వారానికి ఒక్క పూట జొన్న గట్క పెట్టండి. రొట్టెలు అడగడం లేదు. ఇంతమందికి రొట్టె కొట్టాలంటే వంట అక్కల చేతులు విరుగుతయి. గట్క అయితే అన్నం లెక్కనే ఒకే గిన్నెలో అయితది.

మూడు. ఆకుకూర వండిన రోజు ఒక నిమ్మకాయ ముక్క ఇవ్వండి. ఆకులో ఉన్న ఇనుము ఒంటికి తొందరగా పట్టదు, పులుపు తోడుంటే బాగ పడుతదని సైన్సు టీచర్ చెప్పింది. తిన్న వెంటనే చాయ తాగితే ఇనుము పట్టదు అని కూడ చెప్పింది.

"పిల్లలతో పని చేయిస్తున్నరు అని మాట వస్తది" అని మేడం అనవచ్చు. అది నిజమైన భయమే. వంటింట్లో పొయ్యి కాడికి, వేడి గిన్నెల కాడికి మేము పోవద్దు. మడికి నీళ్ళు పెట్టుడు, శనివారం సాయంత్రం ఆకు తెంపుడు మాత్రం పని కాదు, ఇష్టమున్నోళ్ళకు అది ఆట. ఇష్టం లేనోళ్ళను ఎవరూ బలవంతం చేయవద్దు. ఇంకొక జాగ్రత్త కూడ చెప్పాలె. కాలువ గట్ల మీద, పొలం ఒడ్ల మీద ఎవరూ ఆకు తెంపవద్దు. అక్కడ గడ్డి మందు కొట్టి ఉంటరు. తెల్వని ఆకు అసలే ముట్టవద్దు.

సెలవులలో ఇంట్లో చేసుకోవడానికి గంగవాయిలి పప్పు ఎట్లనో రాస్తున్నాను. ఒక గ్లాసు కందిపప్పు కడిగి, చిటికెడు పసుపు వేసి ఉడకబెట్టాలె. ఆకును ముందుగ మూడు నీళ్ళలో కడిగి ఆ తర్వాత కొయ్యాలె. కోసినాక కడిగితే బలం నీళ్ళలో పోతది. నాలుగు గుప్పెళ్ళ ఆకు, ఒక ఉల్లిగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు పప్పులో వేసి మగ్గనియ్యాలె. ఆకే పుల్లగ ఉంటది కాబట్టి చింతపండు కొంచెమే చాలు. ఉప్పు చివరకు వెయ్యాలె. ఒక చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు వేసి పోపు పెడితే అయిపోయె. మసాలా పొట్లం అక్కర లేదు. పసుపు బోర్డు 2025లో మన నిజామాబాద్‌లోనే మొదలైంది, పసుపుకు మనకేం తక్కువ?

గట్క ఇంకా సులువు. జొన్నలను రవ్వగ పట్టించి, ఒక గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి, ఉప్పు వేసి, రవ్వ పోసుకుంట ఉండ కట్టకుండ కలపాలె. సన్న మంట మీద మెత్తగ అయ్యేదాక ఉంచాలె.

అక్కలారా, చెల్లెండ్లారా, నేను చిప్స్ మానేసిన అని గొప్పలు చెప్పను. పోయిన వారం కూడ ఒక పొట్లం తిన్న. కానీ ఆ పది రూపాయలతో ఎన్ని పల్లికాయలు వస్తయో దుకాణంలో అడిగి చూసిన. ఈసారి పల్లికాయలే కొంట.

వచ్చే తల్లిదండ్రుల రోజుకు రొట్టె, గంగవాయిలి తెమ్మని అవ్వకు ఫోనులో చెప్పిన. "మీ దోస్తులు నవ్వరా?" అని అడిగింది. అంటే ఆ రోజు నేను డబ్బా ఎందుకు తియ్యలేదో అవ్వకు అప్పుడే తెలిసిపోయింది. ఇన్ని రోజులు ఒక్క మాట అనలేదు. ఈసారి అందరి ముందర మూత తీస్త. తినేటోళ్ళు నా పక్కన వచ్చి కూసోండి.

కూరగాయల మడులకు మేడం ఒప్పుకుంటే పని చేయడానికి ఇష్టమున్నవాళ్ళు ఈ పత్రిక కింద అంటించిన తెల్ల కాగితం మీద పేరు రాయండి. మొదటి పేరు నేను రాసిన.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.