హగరి గట్టున బడి ఎప్పుడు?

2007లో సిలికానాంధ్ర సంస్థ అమెరికాలో ‘మనబడి’ని ప్రారంభించింది. బతుకుతెరువుకు వెళ్లిన తల్లిదండ్రులే వారాంతాల్లో గురువులై పిల్లలచేత తెలుగు అక్షరాలు దిద్దించారు. పరాయి గడ్డమీద అది వారి పూనిక.

హగరి గట్టున ఉన్న మనం ఎక్కడికీ వలసపోలేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రంలో చేరగా, బళ్లారి మైసూరులో కలిసింది. కదిలింది సరిహద్దే.

భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు రాష్ట్రాలు వసతులు కల్పించాలని 1956లో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. అల్పసంఖ్యాకుల నిర్ణయానికి రాష్ట్రమే ప్రమాణమని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక కర్ణాటకలోని తెలుగువారి హక్కు నిర్వివాదం. అయితే అడగని హక్కు కాగితం దాటి రాదు.

కన్నడం వద్దనడం మన వాదం కాదు. రెండు లిపులూ తోబుట్టువులే. ఒకటి వచ్చిన బిడ్డకు రెండోది బరువు కాదు.

ఊరూరా తల్లిదండ్రులు సంతకాలు చేసి విద్యాశాఖకు అర్జీ పెట్టాలి. ఒక ప్రతిని 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయానికి పంపాలి. జవాబు వచ్చేదాకా ఆదివారం బడి నడపాలి. అందుకు ఒక అరుగు, ఒక పలక చాలు.