మన పిల్లల యుద్ధకథలో కత్తి కాదు, ఎద్దు కావాల

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

తాండా పిల్లల కోసం యుద్ధకథలు రాద్దామని మనలో కొందరు మొదలుపెట్టినారు. మంచి పని. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. మేం చదివిన చరిత్ర పాఠాల్లో మనోళ్ల పేరు ఒక్కసారీ తగల్లేదు. కానీ ఇప్పటిదాకా వచ్చిన కథలన్నీ ఒకే దారి పట్టినాయి. 1565లో తాళికోట యుద్ధం, అళియ రామరాయలు పడిపోవడం, తిరుమలరాయలు పెనుకొండకు వచ్చేయడం, ఆ కోటగోడ మీద కత్తి దూసిన లంబాడీ వీరుడు. చదువుతాంటే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. అయినా మేం దీనికి ఒప్పుకోం.

మనోళ్లు మొఘల్ దండ్లకు ధాన్యం మోస్తూ 17వ శతాబ్దంలో దక్కనుకు వచ్చినారని చరిత్రకారులు ఎక్కువమంది చెప్తారు. 1565 పెనుకొండలో మనల్ని నిలబెట్టడానికి ఆధారం యాడుంది? రేపు ఒక పిల్లోడు క్లాసులో ఆ వీరుని పేరు చెప్పి నవ్వులపాలైతే, మనం రాసిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మనకు గట్టిగా దొరికే కథ 1791ది. ఆ ఏడు మే నెలలో కారన్‌వాలిస్ కంపెనీ దండుతో శ్రీరంగపట్నం దాకా పోయినాడు. గింజలు అయిపోయినాయి, ఫిరంగులు లాగే ఎద్దులు చచ్చిపోయినాయి. తన పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించి బెంగళూరుకు వెనక్కి తిరిగినాడు. మళ్లీ దండెత్తినప్పుడు ధాన్యం మోసింది బంజారాల ఎద్దుల బిడార్లు. 1792లో టిప్పు సగం రాజ్యం వదులుకొని, ఇద్దరు కొడుకులను తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఈ మధ్యలో, అక్టోబర్లో, కంపెనీ చేతికి పోయిన నంది కోట హిందూపురం వాళ్లకేమీ దూరం కాదు, బెంగళూరు పోయే దారికి దగ్గరే.

"అంటే మనోళ్లు తెల్లోళ్ల పక్కన ఉన్నారా?" అని అడుగుతారు. అడగనీ. మనోళ్లు యాపారులు. ఇరుపక్కల దండ్లకూ గింజలు అమ్మేవాళ్లని, అందుకే వాళ్ల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదని అప్పటోళ్లు రాసి పెట్టినారు. దీన్ని దాచిపెట్టి దేశభక్తి రంగు పూయాల్సిన పని లేదు. పన్నెండేండ్ల పిల్ల, వాళ్ల నాయన, ముప్పై ఎద్దులు. దండు దాటిపోయిన ఊర్లో గింజ లేదు, మూటల నిండా బియ్యం ఉంది, ఊరోళ్లు చేతులు చాపుతాండారు. నాయన అమ్ముతాడా, దండుకే తీసుకుపోతాడా? తెగిన తలకాయల లెక్క కంటే ఈ ప్రశ్న పిల్లోల్ని ఎక్కువ రోజులు పట్టుకుంటుంది. యుద్ధమంటే ఏందో కూడా దాంట్లోనే తెలుస్తుంది.

కొమురం భీం మీద సాహు, అల్లం రాజయ్య నవల రాసినారు. భీం నిజంగా పోరాడినాడు, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినాడు, ఆ కథకు తుపాకీ ఉండాల్సిందే. మన కథకు అది అతకదు. మన పోరాటం ఆ తర్వాతిది. రైలు వచ్చినాక లదేణి యాపారం పడిపోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు, అది 1952 దాకా పూర్తిగా పోలేదు. ఎరుకలోళ్లు కూడా ఉప్పు, గింజలు మోసినోళ్లే, వాళ్లకూ అదే ముద్ర పడింది. ధర్మవరం జంక్షన్లో గూడ్సుబండి పోతాంటే మాకు ఇదే గుర్తొస్తుంది (ఫ్రెండ్స్ నవ్వుతారు గానీ).

మొదటి రెండు అధ్యాయాలు రాసి మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లోళ్లకు చదివి వినిపించినాం. ఒకడు అడిగినాడు: "అన్నా, దారిలో ఎద్దు చచ్చిపోతే దాని మూట ఎవరు మోస్తారు?" మా దగ్గర జవాబు లేదు. మీ తాండాల్లో పెద్దోళ్లు ఉంటే ఇది అడగండి. ఎద్దు మీద వేసే గోనెసంచికి, ముందు నడిచే ఎద్దు మెడలో గంటకు గోర్ బోలిలో ఏమంటారో కూడా కనుక్కోండి. పుస్తకాల్లో దొరకడం లేదు. వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు, మేం రాసుకుంటాం.