కోచ్ అంటే మనకు బోగీయే!

బిట్రగుంటలో కోచ్ అంటే ఒకటే అర్థం. రైలు పెట్టె. "మన కోచ్ ఎక్కడ ఆగుద్దన్నా?" అని ప్లాట్‌ఫారం మీద ఎవరినడిగినా చెయ్యెత్తి చూపిస్తారు. రైలుతోనే ఎదిగిన ఊరు కదా మనది. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకోషెడ్డు ఈ ఊరికి అన్నం పెట్టింది. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చి ఆ షెడ్డు పని ఆగిపోయాక ఊరు చిన్నబోయింది. ఆ కథ మన హాస్టల్ వెనక వీధిలో ఏ తాతనడిగినా పూట గడిచేదాకా చెబుతాడు.

అందుకే కావలి బస్టాండు గోడమీద "లైఫ్ కోచ్" అన్న పోస్టరు మొదటిసారి చూసినప్పుడు మాలో ఒకడు, "జీవితానికి బోగీ ఏందిరా?" అని పకపకా నవ్వాడు. వాడు నవ్వులాటకు అన్న మాటలో నిజం ఉందని తరువాత తెలిసింది. హంగేరీ దేశంలో కోచ్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ మంచి గుర్రపు బండ్లు తయారయ్యేవి. ఆ ఊరి పేరే బండికి పేరై ఇంగ్లీషులోకి వచ్చింది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ట్యూషన్ మాస్టారిని వేళాకోళంగా కోచ్ అనడం మొదలుపెట్టారు. బండి మనిషిని చేరవేసినట్టు ఆయన కుర్రాణ్ణి పరీక్ష దాటిస్తాడని. అంటే బోగీ ముందు, గురువు తరువాత!

తమ్ముళ్ళూ! మేము ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు కావలిలో, నెల్లూరులో చదువుకుంటున్న పాత విద్యార్థులం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు చేస్తే, కవితలు రాసేవాళ్ళు వేరే ఉన్నారు గనుక, మా చెయ్యి కాలిన సంగతి రాద్దామనుకున్నాం. ఇప్పుడు మీ అందరి ఇళ్ళల్లో ఫోను ఉంది. అందులో "90 రోజుల్లో మీ జీవితం మార్చేస్తాం" అనేవాళ్ళు పొద్దున లేస్తే కనిపిస్తున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. వెళితే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నది ముందే తెలుసుకుని వెళ్ళమంటున్నాం.

మేము ఇంటరు మొదటి సంవత్సరంలో ఉండగా ఒక శిక్షకుడు మా ఊళ్ళకు దగ్గర్లోని ఒక హాలులో క్లాసు పెట్టాడు. ప్రవేశం ఉచితం. సూటు, మైకు, సంగీతం. "నేను సాధిస్తాను" అని గట్టిగా అరవమన్నాడు, అరిచాం. కళ్ళు మూసుకుని అమ్మ చేతులు తలుచుకోమన్నాడు. కూలికి పోయే అమ్మ చేతులు మాకు తలుచుకోవాలా! హాలు మొత్తం ఏడ్చింది. కళ్ళు తుడుచుకునే లోపల చేతుల్లోకి ఫారాలు వచ్చాయి. మూడు నెలల వ్యక్తిగత కోచింగు, ఫీజు ముందుగానే కట్టాలి. మాలో ఒకడు వాళ్ళమ్మ చీటీ పాడిన డబ్బు తెచ్చి కట్టాడు. వాడికి దక్కింది మూడు ఫోన్ కాల్సు, రోజూ ఒక గుడ్ మార్నింగ్ సందేశం. నాలుగో కాల్ రాలేదు. తిరిగి అడుగుదామంటే వాడి దగ్గర రసీదు కూడా లేదు. ఆ శిక్షకుణ్ణి ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. ఎన్నిసార్లు కలుస్తారు, ఎంతసేపు మాట్లాడతారు, నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని ముగ్గురం పక్కనే ఉండి ఒక్కరం కూడా అడగలేదు. బజారులో వంకాయలు కొనేటప్పుడు వేసే ప్రశ్నల్లో సగం కూడా వెయ్యలేదు.

మన తెలుగువాళ్ళకు ఇలాంటి మాటలు కొత్తేమీ కాదు. యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు" అట్ట చిరిగిన కాపీ మన హాస్టల్ అల్మరాలో ఇప్పటికీ ఉంది. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం గారు ఇంద్రజాలం, హిప్నాటిజం నుంచి వ్యక్తిత్వ వికాసం వైపు వచ్చి ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ పుస్తకాలు, ఉపన్యాసాలు మనలాంటి వాళ్ళకు ధైర్యం ఇచ్చిన మాట నిజం. పుస్తకం ఒకసారి కొంటే పదేళ్ళు పదిమంది చదువుకోవచ్చు, అదొక లాభం. అయితే రచయితకు గానీ వక్తకు గానీ ఎదురుగా ఉన్న ఒక్కొక్కడి కష్టం తెలిసే వీలులేదు. లైఫ్ కోచ్ పని అక్కడే వేరు. ఒక్క మనిషితో కూర్చుని, వాడి సంగతే మాట్లాడాలి.

ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1974లో తిమోతీ గాల్వే అనే అమెరికా టెన్నిస్ శిక్షకుడు ఒక పుస్తకం రాశాడు. ఆటగాడికి ఎదుటి ప్రత్యర్థి కంటే తన మనసులోని అనుమానమే పెద్ద ప్రత్యర్థి అని ఆయన వాదన. చెయ్యి ఇలా తిప్పు, కాలు అలా పెట్టు అని అరిచే బదులు, బంతి ఎక్కడ పడుతోందో నువ్వే గమనించు అంటే ఆటగాడు త్వరగా నేర్చుకుంటాడన్నాడు. ఆ దారినే పట్టుకుని జాన్ విట్‌మోర్ అనే ఆంగ్లేయుడు, ఆయన ఒకప్పుడు కార్ల పందేల్లో పాల్గొన్నవాడు, 1992లో రాసిన పుస్తకంలో నాలుగు మెట్ల పద్ధతికి ప్రచారం తెచ్చాడు. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నావు, ఏయే దారులున్నాయి, ఏది ఎప్పుడు చేస్తావు. అంతే.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మన తొమ్మిదో తరగతి వాడు ఒకడు, "అన్నా, నాకు లెక్కలు రావు" అన్నాడు. మామూలుగా అయితే "కష్టపడి చదవరా" అని పంపేస్తాం. ఆ నాలుగు ప్రశ్నలూ వేసి చూశాం. ఏం కావాలి? పాసవ్వాలి. ఇప్పుడు ఎక్కడున్నావు? లెక్కలన్నీ రావని చెప్పినవాడికి అసలు తంటా భిన్నాల దగ్గరే ఉందని పావుగంటలో తేలింది. ఆరో తరగతిలో కామెర్లు వచ్చి రెండు నెలలు ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఆ పాఠం పోయింది. దారులేమున్నాయి? ఆరో తరగతి పుస్తకం తీసి చదవాలి. తొమ్మిదో తరగతి వాడు ఆరో తరగతి పుస్తకం పట్టుకుంటే నవ్వుతారని వాడి సిగ్గు. మరి ఎప్పుడు చేస్తావు? స్టడీ అవరు అయ్యాక, అందరూ పడుకున్నాక అన్నాడు. ఆ గంట వాడే ఎంచుకున్నాడు. మేము చెప్పి ఉంటే రెండు రోజులు చేసి మానేసేవాడు.

కాబట్టి కోచ్ దగ్గరికి వెళితే ముందు సలహాలు దొరకవు, ప్రశ్నలు దొరుకుతాయి. డబ్బిచ్చి ప్రశ్నలు వేయించుకోవడం ఏమిటని మొదట చికాకు వేస్తుంది. రెండు వారాలకోసారి, అరగంటో గంటో మాట్లాడతారు. మధ్యలో చెయ్యాల్సిన పని ఒకటి మీ నోటితోనే చెప్పిస్తారు, మళ్ళీ కలిసినప్పుడు చేశావా అని అడుగుతారు. చెయ్యకపోతే తిట్టరు, ఏం అడ్డమొచ్చిందని అడుగుతారు. మీరు చెప్పిన మాట బయటికి పోకూడదు. ఎన్నాళ్ళు అన్నది మొదటిరోజే అనుకోవాలి. ఎన్నేళ్ళయినా నా దగ్గరే ఉండు అనేవాడు తన బతుకు చూసుకుంటున్నాడని అర్థం.

ఆటల కోచ్‌తో దీన్ని కలపొద్దు. పుల్లెల గోపీచంద్ 2016 రియో ఒలింపిక్సుకు ముందు పి.వి. సింధుకు మూడు నెలలు ఫోను దూరం చేశారు, ఆమె రజతం తెచ్చింది. అక్కడ గురువు ఆజ్ఞ నడుస్తుంది. ఎందుకంటే ఆట ఆయనకు తెలుసు. మీ జీవితం మీకంటే ఎక్కువ తెలిసిన కోచ్ ఎవరూ ఉండరు. "నేను చెప్పినట్టు చెయ్, మీ అమ్మానాన్నకు చెప్పకు" అన్నవాడి దగ్గర్నుంచి మాత్రం చెప్పులు చేతబట్టుకుని వచ్చెయ్యండి.

ఇంకో సంగతి. కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. 1995లో అమెరికాలో పుట్టిన అంతర్జాతీయ కోచింగ్ ఫెడరేషన్ వంటి సంస్థలు శిక్షణ గంటలు లెక్కగట్టి సర్టిఫికెట్లు ఇస్తాయి, నియమావళి రాసి పెట్టాయి. అవి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు, గోడకు ఫ్రేము కట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టు సంగతి అలా కాదు. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన పునరావాస మండలిలో పేరు నమోదై ఉండాలి. ఈ తేడా ఎందుకు చెబుతున్నామంటే, మా బ్యాచ్‌లో జరిగిన ఒక సంగతి వల్ల.

సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు. పదో తరగతిలో సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చాక మారిపోయాడు. మెస్సులో కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు. రాత్రి మేము ఎప్పుడు మెలకువ వచ్చి చూసినా ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉండేవాడు. రొయ్యల గుంటల దగ్గర పనికి పోతా, చదువు వద్దు అన్నాడు. మేము కొత్తగా నేర్చుకున్న మాటలన్నీ వాడి మీద ప్రయోగించాం. "నీ లక్ష్యం ఏందిరా? పెద్దగా ఆలోచించు!" వాడు మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వాడికి కావలసింది లక్ష్యం కాదు, వైద్యం. వార్డెన్ సారు పసిగట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మందులు వాడాడు, వాళ్ళ నాన్న అప్పు సంగతి పెద్దమనుషుల్లో మాట్లాడించారు. పరీక్షలు రాశాడు. వాడు ఈ వ్యాసం చదివి, పేరు లేకుండా రాయమన్నాడు, రాశాం. మంచి కోచ్ అయితే ఇలాంటివాణ్ణి చూడగానే "ఇది నా పని కాదు, డాక్టరు దగ్గరికి పద" అనాలి. 2022 నుంచి ప్రభుత్వం టెలి మానస్ అని 14416 నంబరు నడుపుతోంది, ఉచితం. పిల్లలకు ఏ ఆపదైనా 1098 ఉంది. ఈ రెండు నంబర్లు మెస్సు గోడమీద మెనూ పక్కనే రాయించమని సారును అడిగాం.

మన గోడమీదున్న అంబేద్కర్ ఫోటో చూసినప్పుడు మాకు కృష్ణాజీ కేలూస్కర్ గుర్తుకొస్తారు. బొంబాయిలో ఆయన ఒక ఉపాధ్యాయుడు, రచయిత. తోటలో కూర్చుని చదువుకుంటున్న కుర్రాణ్ణి గమనించి పలకరించారు. 1907లో అంబేద్కర్ మెట్రిక్ పాసైన అభినందన సభలో, తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను బహూకరించారు. అక్కడితో ఊరుకుంటే మంచి ఉపన్యాసకుడు అనిపించుకునేవారు. పై చదువుకు డబ్బు లేదని తెలిసి, బరోడా మహారాజా శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి విషయం చేరేలా చూశారు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. ప్రశ్న వేసే మనిషి కావాలి, పుస్తకం ఇచ్చే మనిషి కావాలి, స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం పెట్టించే మనిషీ కావాలి. మనలాంటి వాళ్ళ విషయంలో మూడోది లేకుండా మొదటి రెండూ గాలిలో దీపాలే. కుల ధృవీకరణ పత్రం కోసం మూడుసార్లు తిరిగి వచ్చినవాడికి ఆత్మవిశ్వాసం మీద క్లాసు చెబితే ఏమెక్కుతుంది?

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ పిల్లలు. మనది హాస్టలు, వాళ్ళది గురుకులం, అంతే తేడా. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. వాళ్ళ విజయాన్ని ప్రతి మోటివేషన్ క్లాసులో చెబుతారు, "మీరూ తలుచుకుంటే" అని. తలుచుకుంటే ఎక్కలేదు వాళ్ళు. ముందు భువనగిరి బండరాయి, తరువాత డార్జిలింగ్, తరువాత లడఖ్ చలి. వెంట శిక్షకుడు శేఖర్‌బాబు. వెనక ప్రవీణ్ కుమార్ గారి వంటి అధికారి, ప్రభుత్వం డబ్బు, బూట్లు, ఆక్సిజన్, షెర్పాలు. నెలల తరబడి అదే మనుషులు వెంట ఉన్నారు. ఆ మాట ఎవరూ చెప్పరెందుకో!

అందుకే మా అభిప్రాయం సూటిగా రాస్తున్నాం. ఏడాదికి ఒకసారి స్టేజీ వేసి, శాలువా కప్పి, రెండు గంటలు చప్పట్లు కొట్టించే క్లాసు ఖర్చును పక్కన పెట్టండి. ఆ డబ్బుతో ఒక మనిషిని, ఎవరైనా సరే, ఏడాది పొడవునా పదిహేను రోజులకోసారి ఈ హాస్టల్‌కు రప్పించండి. ఒక్కొక్కరితో అరగంట కూర్చోమనండి. పేర్లు గుర్తుంటే చాలు, సూటు అక్కర్లేదు.

అధికారులు చేసేదాకా ఆగకుండా మేము ఐదుగురం గత ఆగస్టు నుంచి రెండో ఆదివారం వస్తున్నాం. మేము కోచ్‌లం కాదు, సర్టిఫికెట్లు లేవు. నోరు మూసుకుని వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. తమ్ముడు మొదటి వాక్యం పూర్తి చెయ్యకముందే సలహా నాలుక చివరికి వచ్చేస్తుంది. ఇద్దరు తమ్ముళ్ళు మా దగ్గరికి రావడం మానేశారు. ఎందుకని అడిగితే "మీరూ సార్లలాగే మాట్లాడతాండారన్నా" అన్నారు. ఆ మాట మా నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాం.

వచ్చే రెండో ఆదివారం కూడా పొద్దున వస్తాం. వేపచెట్టు కింద బెంచీ దగ్గర ఉంటాం. ఫీజు లేదు, ఫారం లేదు. ఆ ఇద్దరు తమ్ముళ్ళు కూడా రావాలని మా కోరిక. ఈసారి మేము మాట్లాడం, మీరే మాట్లాడండి. సాయంత్రం రైలు దాకా టైముంది.