ఒంటికి తెలిసే గది: చెన్నైలో లోపలి పని చేసేవాళ్ళ ప్రణాళిక

మేం చెన్నైలో ఇళ్ళకు, హోటళ్ళకు, ఆసుపత్రులకు, దుకాణాలకు ఇంటీరియర్ పని చేసేవాళ్ళం. మాలో డిజైన్ చదువుకున్నవాళ్ళున్నారు, వడ్రంగులున్నారు, గచ్చు వేసే మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, సినిమా సెట్లకు రంగులు వేసి తర్వాత ఇళ్ళ పనిలోకి వచ్చినవాళ్ళు ఉన్నారు. పుట్టుకతోనే చూపు లేని మిత్రుడొకరు మా సైట్లకు వచ్చి గదిని మాకు వినిపిస్తాడు. చాలామందికి ఇంట్లో తెలుగు, సైటులో తమిళం. ఇకమీదట ఏ పని ఒప్పుకుంటామో, ఏది ఒప్పుకోమో నలుగురికీ తెలిసేలా రాసి పెట్టుకున్నాం. దీనంతటికీ మూలం ఒక్కటే. గదిలోకి మనిషి ఒళ్ళంతా వస్తుంది. పాదం, చెవి, ముక్కు, వీపు, అరచెయ్యి, అన్నిటికీ అక్కడ పని ఉంటుంది. వాటన్నిటికీ సరిపడినప్పుడే గది పూర్తయిందని ఒప్పుకుంటాం.

మా పనికి మూలాలు కోడంబాక్కం స్టూడియో ఫ్లోర్లలో ఉన్నాయి. ఆ మాట గర్వంగా చెప్పుకుంటాం. 1957లో 'మాయాబజార్' కోసం కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కలిసి వాహినీ స్టూడియోలో ద్వారకను నిలబెట్టారు. బొమ్మ ఇళ్ళలో దీపాలు వెలిగించారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లే స్టూడియో కప్పు కింద వెన్నెల కాయించాడు. 1987లో 'నాయకన్' కోసం తోట తరణి బొంబాయి ధారావి సందుల్ని ఇక్కడి వీనస్ స్టూడియోలో కట్టి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. చెక్క ఫ్రేము, గోనెపట్టా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగు: వీటితో రాతి కోటలు లేపిన చేతులు మాకు గురువులు. అయితే ఆ కోటలు కెమెరా కోసం లేపినవి. కెమెరాకి చర్మం లేదు, ముక్కు లేదు. సెట్టుకు మూడు గోడలుంటే చాలు. షెడ్యూలు ముగిశాక పగలగొట్టేస్తారు. అందులో ఎవరూ జ్వరంతో పడుకోరు. అర్ధరాత్రి లేచిన పెద్దావిడ బాత్రూముకు గోడ పట్టుకుని నడవదు.

వాహినీ ఫ్లోర్లున్న వడపళని నేల మీద ఇప్పుడు ఆసుపత్రీ మాలూ ఉన్నాయి. సెట్టు విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు, అపార్టుమెంట్లలోకి వచ్చేసింది. పీఓపీ ఫాల్స్ సీలింగ్, టేకు గీతలు అచ్చేసిన లామినేట్, ఇటుకల బొమ్మ వేసిన వాల్‌పేపర్, పాలరాయిలా మెరిసే ప్లాస్టిక్ షీటు. ఫోటోలో బాగుందా లేదా అన్నదే గీటురాయి అయింది. ఇల్లు అప్పగించిన రోజు తీసిన ఫోటో బాగుండి, మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు ఉక్కా మోతా మిగిలితే, అది మా లెక్కలో చెడ్డ పని.

అందుకే మొదటి నియమం: కన్ను ఏం చెబుతుందో వేలి కణుపూ అదే చెప్పాలి. రాయిలా కనిపించే గోడను తడితే రాయి పలకాలి. టేకులా కనిపించే తలుపు టేకు బరువు ఉండాలి. మరి చవకలో అందంగా ఉండాలనుకోవడం తప్పా అని అడుగుతారు. తప్పెలా అవుతుంది? టేకు కొనే స్తోమత లేని ఇంట్లో వేప చెక్క వాడతాం, పనస చెక్క వాడతాం, అదీ కుదరకపోతే ప్లైవుడ్డుకు రంగు వేస్తాం. ప్లైవుడ్డు ప్లైవుడ్డులా కనిపించడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దాని మీద టేకు బొమ్మ కాగితం మాత్రం అంటించం.

ఈ ఊళ్ళో జనం ఇంట్లోకి చెప్పులు విడిచి వస్తారు. అంటే ప్రతి ఇంటినీ మొదట తెలుసుకునేది పాదం. బడ్జెట్టులో మొదటి వంతు నేలకే కేటాయిస్తాం, సీలింగుకు చివరి వంతు. ఒకే గదిలో ఉన్న ఎర్ర గచ్చూ చెక్క పలకా థర్మామీటరుకు ఒకటే, పాదానికి కావు. గచ్చు కాలి వేడిని గబగబా లాక్కుంటుంది, చెక్కకు అంత చురుకు లేదు. మే నెలలో ఎండ నలభై డిగ్రీల దగ్గర ఆడుతూ, మధ్యాహ్నపు సముద్రపు గాలి ఆలస్యమైతే ఊరు ఉడికిపోయే చోట, చెక్క బొమ్మ వేసిన వినైల్ షీటు పరచమని అడిగితే మేం ముందు ఎర్ర గచ్చు మీద ఒక పూట కూర్చోమంటాం. ఆత్తంగుడి పలకలు కూడా చూపిస్తాం. కారైక్కుడి దగ్గరి ఆ ఊళ్ళో గాజు పలక మీద రంగు పోసి, పైన సిమెంటూ ఇసుకా నింపి, నీళ్ళలో నానబెట్టి, ఎండకు ఆరబెడతారు. బట్టీలో కాల్చరు. పాదాలు తిరిగేకొద్దీ, కొబ్బరినూనె గుడ్డతో తుడిచేకొద్దీ అవి నునుపెక్కుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ బాగుపడే వస్తువు దొరికినప్పుడు ఏళ్ళు గడిచేకొద్దీ చిరిగేది కొనడం దేనికి?

గోడ విషయంలో పాత మద్రాసుకు దేశంలోనే పేరుండేది, గుల్లసున్నం వల్ల. ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నాన్ని మెత్తగా నూరి, పై పూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రుద్ది రుద్ది అద్దంలా చేసేవాళ్ళు. సున్నపు గోడ గాలిలోని తేమను కొంత పీల్చుకుని, గాలి పొడిబారినప్పుడు తిరిగి వదులుతుంది. దానికి వీపు ఆనించి కూర్చుంటే లేవబుద్ధి కాదు. ప్లాస్టిక్ ఎమల్షన్ పూసిన గోడ ఆ పని చెయ్యలేదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు అరుదైపోయారు. మా చేతికి వచ్చే ప్రతి పెద్ద పనిలో ఒక్క గోడనైనా సున్నంతో చేయించి, పక్కన నేర్చుకునే కుర్రాళ్ళకు పూర్తి కూలి ఇస్తాం. ఆ ఖర్చు బిల్లులో విడిగా రాసి చూపిస్తాం, దాచం.

అరచేతి గురించి కూడా చెప్పాలి. తలుపు గడియ, మెట్ల పక్క కమ్మి, స్విచ్చు, కుళాయి తిప్పే పిడి, బల్ల అంచు: రోజూ చెయ్యి పడే చోట్లు ఇవే. వీటిని కేటలాగులో బొమ్మ చూసి ఎంచం. ఆ ఇంట్లో అందరికంటే చిన్న చేతికీ, అందరికంటే వణికే చేతికీ ఇచ్చి చూస్తాం.

చెవికి మా వృత్తి చేసినంత అన్యాయం దేనికీ చెయ్యలేదు. 1890లలో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస గదిలో మాట అర్థం కావడం లేదని వాలెస్ సబీన్‌కి పని అప్పగించారు. ఆయన దగ్గర్లోని థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్ళు మోయించి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న హాలు తీసుకోండి. లోపలి జాగా 60 ఘనపు మీటర్లు. గోడలూ నేలా కప్పూ కలిపి 94 చదరపు మీటర్లు. అంతా టైలూ గాజూ పుట్టీ అయితే తగిలిన శబ్దంలో నూటికి నాలుగు వంతులు మాత్రమే పీల్చుకుంటాయి. అరవైని 0.161తో గుణించి, ఆ పీల్చుకునే మొత్తంతో భాగిస్తే మోత రెండున్నర సెకన్లు నిలుస్తుంది. అదే హాలులో పుస్తకాల అలమరా, బరువైన నూలు పరదాలు, చాపలు, మెత్తలు పెట్టి ఆ నాలుగుని ఇరవైకి తెస్తే అర సెకను. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు, చెవి మందగించిన తాతయ్య నలుగురి మధ్యా కూర్చుని కూడా ఒంటరిగా ఉండిపోవడానికి ఈ రెండు సెకన్లే కారణం. హాలు డిజైన్ చేసే ప్రతిసారీ ఈ లెక్క వేసి, కాగితం ఇంటివాళ్ళ చేతికిస్తాం. హోటల్ యజమానులకు కూడా ఇస్తాం. పక్క మనిషితో అరిచి మాట్లాడాల్సిన చోట ఎంత మంచి సాంబారైనా నిదానంగా తినరు.

ముక్కు విషయంలో రాజీ లేదు. కొత్త ఇంటి వాసన అని మురిసిపోతామే, అందులో ప్లైవుడ్డు, ఎండీఎఫ్ పలకల జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. వేడీ తేమా పెరిగితే అది ఇంకా ఎక్కువ వస్తుంది. చెన్నైలో ఆ రెండిటికీ ఎప్పుడు కొదవ? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి తక్కువ వాయువు వదిలే గ్రేడు పలకలే వాడతాం. తెగిన అంచులన్నీ మూసేస్తాం. పసిపిల్లల గదిలో అలమరాలు బిగించాక కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచకుండా తాళాలివ్వం. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తొందరపెడితే, ముహూర్తానికి పాలు పొంగించుకోండి, పిల్లల్ని మాత్రం అప్పుడే పడుకోబెట్టకండి అని చెబుతాం. యంత్రంతో సెంటు చల్లే పని చెయ్యం. వట్టివేళ్ళ తడికలు కిటికీకి కట్టి నీళ్ళు చిలకరిస్తే చల్లదనమూ పరిమళమూ ఒకే గాలిలో వస్తాయి. ఆ ఏర్పాటు అడిగినవాళ్ళకు చేసిపెడతాం, ఎప్పుడు మార్చాలో కూడా చెబుతాం. వంటింటి పోపు వాసన హాలులోకి రావడం లోపమని మేం అనుకోం. అది ఎంతవరకు రావాలో ఇంటివాళ్ళు చెప్పాలి.

ఇప్పుడు ఇమ్మర్సివ్ అనే పేరుతో జరిగే ప్రదర్శనల సంగతి. చీకటి హాలులో నాలుగు గోడల మీదా నేల మీదా బొమ్మలు పారించి టికెట్టు పెట్టడం మన ఊళ్ళకూ వచ్చింది. పిల్లల కేరింతలు చూస్తే ఆనందంగానే ఉంటుంది. కానీ అక్కడ పెద్దదైంది కన్ను ఒక్కటే, మిగతా ఒళ్ళు ఏసీలో కార్పెట్ మీద నిలబడి ఉంటుంది. ఆ పని మాకొస్తే షరతులతో చేస్తాం. సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమనే వెలుగు పెట్టం, మూర్ఛ ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. బయటికి దారి ఎప్పుడూ కనబడాలి. హడావిడి తట్టుకోలేని పిల్లలకు పక్కనే మసక వెలుతురుతో, చప్పుడు లేని గది ఉండాలి. చేత్తో తాకదగ్గవి, పాదానికి మారుతూ తెలిసేవి కొన్నైనా ఉండాలి. వీటికి ఒప్పుకోని వాళ్ళ పని చెయ్యం.

ఒంటినిండా తెలిసే చోటు ఎలా ఉంటుందో చూడాలంటే ముట్టుకాడు దక్షిణచిత్రకు వెళ్ళమంటాం. డెబొరా త్యాగరాజన్ 1984లో మొదలుపెట్టిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్, లారీ బేకర్ సాయంతో రూపుదిద్ది 1996లో తెరిచిన చోటు అది. అక్కడ తమిళ, కేరళ, కన్నడ ఇళ్ళతో పాటు మన విశాఖ తీరపు చుట్టిల్లూ ఉంది, నల్గొండ ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లూ ఉంది. తుఫాను గాలికి పట్టు దొరక్కుండా గుండ్రంగా కట్టి కప్పు కిందికి దించిన ఆ చుట్టింట్లోకి ఎండలోంచి అడుగుపెట్టగానే వెలుగు, వేడి, వాసన, మన గొంతు మోగే తీరు, నాలుగూ ఒక్కసారిగా మారతాయి. ప్రొజెక్టరు ఒక్కటీ లేదు. అదే 1996లో ఫిన్లాండ్ ఆర్కిటెక్టు యూహానీ పల్లాస్మా భవనాలు కంటి కోసమే తయారైపోతున్నాయని బాధపడుతూ ఒక చిన్న పుస్తకం వేశాడు. స్విట్జర్లాండ్‌లో పీటర్ జుమ్‌టర్ వాల్స్ అనే కొండ ఊరిలో రాతి పలకల స్నానశాల పూర్తి చేశాడు. అక్కడ నీటి వేడీ రాతి చలువా దారి చూపిస్తాయి. ముగ్గురూ పనిచేసింది మూడు వేర్వేరు దేశాల్లో. ఆ బాధ అప్పటికే అన్ని చోట్లా పుట్టిందన్నమాట. మూడిట్లోనూ మాకు ఎక్కువ పాఠం చెప్పేది చుట్టిల్లే, ఎందుకంటే దాన్ని కట్టినవాళ్ళ దగ్గర మట్టీ తాటాకూ తప్ప ఏమీ లేవు.

చూపు, వినికిడి, నడక తక్కువైనవాళ్ళకు వీలుగా ఉండటాన్ని చివర్లో ర్యాంపు అతికించి సరిపెట్టే అలవాటు మానేశాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక అది హక్కు. 2022లో మెరీనా దగ్గర కామరాజర్ సాలైలో తమిళనాడు ప్రభుత్వం తెరిచిన మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్‌కి మా కొత్తవాళ్ళందర్నీ పంపుతాం. అక్కడ ప్రతి వస్తువునూ చేత్తో పట్టి, వాడి చూడొచ్చు. మా చూపులేని మిత్రుడు నేర్పింది ఇంకొకటి ఉంది: గది మారినప్పుడు నేల మారాలి, మోత మారాలి. వంటింటి గుమ్మం దగ్గర గరుకు రాయి, పూజగది ముందు చల్లటి గచ్చు, బాత్రూముకు ముందు సన్నటి గీతల పలక. ఇది అతని కోసం మొదలుపెట్టాం. కరెంటు పోయినప్పుడు అందరికీ పనికొస్తోంది.

కూలిపోయిన చెట్టినాడు మేడల బర్మా టేకు స్తంభాలు తెచ్చి రెస్టారెంటులో నిలబెట్టమని చాలామంది అడుగుతారు. ఇల్లు తనంతట తాను కూలినప్పుడు ఆ చెక్కను వాడటం మంచిదే, వృథా పోదు. స్తంభాల కోసమే ఇల్లు కూల్చే బేరాలకు మాత్రం మా దగ్గర అడ్వాన్సు చెల్లదు.

ఇక పనివాళ్ళ సంగతి. గ్రానైట్‌ను మూసిన గదిలో పొడిగా కోస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. పాలిష్ స్ప్రే కూడా ఊపిరికి ముప్పే. నీళ్ళు పోస్తూ కొయ్యాలి, ఆరుబయట కొయ్యాలి, మాస్కులు మేమే కొనివ్వాలి. ఒకరి ఊపిరితిత్తులు పాడుచేసి తయారైన గదిలో హాయిగా కూర్చోమని ఇంకొకర్ని పిలిచే అర్హత మాకుండదు. ఈ ఒక్క నియమం తప్పినవాళ్ళు మాలో ఎంత పేరున్నవాళ్ళైనా బయటికి వెళ్ళాలి.

పని అప్పగించే రోజు లైట్లన్నీ ఆర్పేసి, ఇంటివాళ్ళను ఒక్కొక్కరినే ఇల్లంతా నడవమంటాం. ఎక్కడ తడబడితే అక్కడ మార్పు మా ఖర్చే. మొత్తంలో పదో వంతు అప్పుడు తీసుకోం. ఒక ఎండాకాలం, ఒక ఈశాన్య రుతుపవనం గడిచాక మళ్ళీ వస్తాం. గోడ చెమ్మగిల్లిందా, తలుపు బిగుసుకుందా, హాలులో మాట వినబడుతోందా, పిల్లలు ఎక్కడ పడుకోవడానికి ఇష్టపడుతున్నారు అని అడుగుతాం. సమాధానాలు బాగుంటేనే ఆ పదో వంతు తీసుకుంటాం.

మాతో చేరాలనుకునేవాళ్ళు చదువు కాగితాలు, ఫోటోల ఆల్బం తేవక్కర్లేదు. మీరు చేసిన గది ఒకటి చెప్పండి. మేం కళ్ళకు గుడ్డ కట్టుకుని వస్తాం.