ఓర్చుకొమ్మనుటయే వైద్యమా?

ఈ వారమున కర్ణాటకలోని బాగేపల్లి తాలూకాలో నొక బంధుగృహమునకు పరామర్శకై పోయి, ఎముకలకు పాకిన కేన్సరుతో మంచము పట్టిన పెద్దమ్మను చూచి వచ్చినది మొదలు నాకు మనసు కుదురుగా లేదు. బెంగళూరు ఆసుపత్రివా రిచ్చిన మార్ఫిన్ మాత్రలు ఆమె తలగడ క్రింద తగరపు డబ్బీలో దాదాపు అన్నియు అట్లే యున్నవి. ఏల వేసికొనవని యడుగగా, "ఓర్చుకోలేనప్పుడు వేసుకుంటా నాయనా, ఇప్పుడే మింగేస్తే రేపు పెద్దనొప్పికి ఏం మిగుల్తుంది?" అనెను. కొడుకు నన్ను వాకిటికి పిలిచి, "అది మత్తుమందంట గదన్నా, అలవాటై పోతుందేమోనని మేమూ బలవంతం చేయలే" అని మెల్లగా చెప్పెను.

తల్లి లెక్కయు తప్పే, కొడుకు భయమును తప్పే. అయినను వారిని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. ఏలయనగా వారికి చెప్పినవారు లేరు. కేన్సరు నొప్పికి మందును నోటిద్వారా, వేళ తప్పక, మెట్టు మెట్టుగా ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించెను. సామాన్యపు మార్ఫిన్ మాత్ర పనిచేయునది నాలుగు గంటలు. కావున నొప్పి తల యెత్తకమునుపే నాలుగు గంటల కొకమారు వేసికొనవలెను. నడుమ నొప్పి తన్నుకొని వచ్చినచో వైద్యుడు వ్రాసి యిచ్చిన అదనపు మోతాదు వేసికొని, అట్లెన్నిమారులు వేసికొనవలసి వచ్చెనో గురుతుంచుకొని చెప్పవలెను, అప్పుడే అసలు మోతాదును సవరించుటకు వీలగును. మలబద్ధము దాదాపు తప్పదు గనుక విరేచనపు మందు మొదటినాడే జతపడవలెను. తొలుత కలుగు వికారము సాధారణముగా కొలది దినములలో తగ్గును. మాత్రలను ఉన్నట్టుండి మానరాదు. నొప్పికై వైద్యుడు చెప్పినట్లు వాడువారికి వ్యసనము పట్టుట అరుదు. మంటయో, పోటో, సలుపో రోగి విడమరచి చెప్పగలిగినచో నరముల నొప్పిని ఎముకల నొప్పినుండి వేరుచేసి దానికి తగిన వేరు మందు నిత్తురు. ఈపాటి విద్యకు అరగంట చాలును.

ఆ అరగంట వలన ప్రయోజన మేమని యడుగువారు కలరు. రోగులకు ఇట్లు బోధించిన చోట్ల, సున్న మొదలు పది వరకు నొప్పిని కొలుచు మానమున సగటున ఒక అంశము తగ్గినదని పరిశోధకులు లెక్క తేల్చిరి. ఒక్కటేనా యని పెదవి విరచువారు ఎముకలలో కేన్సరు పెట్టుకొని ఒక రాత్రి గడిపి చూతురు గాక! పోనీ మందునకే కరవనుకొందమా, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వానుమతితో నల్లమందు పండించి, నీమచ్, ఘాజీపూర్ కర్మాగారములలో దానిని శుద్ధిచేయు దేశము మనది. అయినను 1985 నాటి మాదకద్రవ్య చట్టము పిదప మార్ఫిన్ వాడుక నూటికి 97 వంతులు పడిపోయి, 1997 నాటికి ఇంతటి దేశమున 18 కిలోలకు దిగెను. 2014లో చట్టమును సవరించి మందునకు దారి తెరచిరి. కాగితముమీది సంకెల వీడినను కొడుకు మనసులోని సంకెల వీడలేదు. దానిని విప్పవలసినవాడు వానితో మాటలాడువాడే.

ఇక మాటలాడుట యన్నంతనే నా పాత గోడు మొదలగును. బాగేపల్లి, చింతామణి ప్రాంతముల ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడము. బెంగళూరు ఆసుపత్రివా రిచ్చు కరపత్రము కన్నడమున నుండును. దానిని మనుమడు చదువును గాని ముసలమ్మ చదువలేదు. పోనిండని హైదరాబాదునుండి తెలుగు కరపత్రము తెప్పింతమా, తెలుగు లిపి మనుమనికే రాదు. కావున ఇచట బోధ చెవిద్వారా జరుగవలసినదే. కైవార తాతయ్య తత్త్వములను అక్షరము రాని మా పల్లెలు చెవినబడిన మాత్రముననే తరతరములుగా నిలుపుకొన్నవే, మాత్రల వేళలను నిలుపుకొనలేవా? ఆశా కార్యకర్తలు మా యింటి ఆడబిడ్డలు, మా మాటే మాటలాడువారు. వారి కీ విద్య నేర్పినచో కరపత్రముతో పనియే లేదు. చెప్పునదియు రోగికే చెప్పవలెను. ఆమె కేమి తెలియునని కొడుకును ప్రక్కకు పిలిచి చీటి చేతిలో పెట్టి పంపువారును, రోగము పేరు ఆమె చెవిన బడనీయకుండుటయే ప్రేమ యని నమ్మువారును ఒకే పాపమున పాలుపంచుకొనుచున్నారు. పేరు తెలియని జబ్బునకు వేళ తప్పక మాత్ర వేసికొమ్మన్నచో ఎవరు వేసికొందురు?

మా ప్రాంతమువారికి నొప్పితో పరిచయ మెక్కువ యనుటయు నొక చిక్కు. బోరుబావుల ఫ్లోరైడు నీటితో నడుము పట్టి, మోకాళ్లు బిగిసి జీవించిన తరమునకు నొప్పి యనునది ఓర్చుకొనవలసినదే గాని చెప్పుకొనదగినది కాదు. మా నీటి కథ యెత్తినచో నా కోపమునకు మేర యుండదు. హెబ్బాళ–నాగవార లోయ పథకము పేర బెంగళూరు తాను వాడి విడిచిన మురికినీటిని రెండవ అంచె శుద్ధితోనే సరిపెట్టి మా చెరువులకు పంపుచున్నది.  బెంగళూరు నీరు మాకు వచ్చుటకు గొట్టములు వేసినవారు, మా రోగి బెంగళూరును చేరుటకు బాగేపల్లినుండి సుమారు నూరు కిలోమీటర్లు బస్సులో వేళ్లాడి పోవలసి యుండుటను గాంచలేరు. కిద్వాయి కేన్సరు ఆసుపత్రి 1973 నుండియు అక్కడనే. కేన్సరు రోగులకు ఉచితముగా సేవచేయు కరుణాశ్రయము 1999లో పడకలు తెరచినదియు అక్కడనే. పోయినవారు మరల పోలేకయే నడుమనే మందు మానుచున్నారు. తాలూకా ఆసుపత్రిలోనే మార్ఫిన్ ఇచ్చుటకు అనుమతి, శిక్షణ పొందిన యొక వైద్యుడు, తెలుగు పలుకు నర్సు ఒకతె యున్న చాలునని జిల్లా ఆరోగ్యాధికారులను అడుగుచున్నాను.

అంతవరకు, ఇంట కేన్సరు రోగి యున్న పాఠకులకు నా మనవి: మాత్ర ఏ వేళకు, నడుమ నొప్పి వచ్చిన నెంత, మలబద్ధమున కేమి, అర్ధరాత్రి భరింపరానప్పుడు ఎవరికి ఫోను చేయవలెను—ఈ నాలుగింటిని రోగికి వినబడునట్లు, ఆమె మాటలోనే చెప్పించుకొనక ఆసుపత్రి గడప దాటకుడు.