మొహబ్బత్ రాస్తే హయా పోతుందా?

మొన్న ఓ దావత్‌లో మా చెల్లెలి కూతురి చేతిలోంచి వాళ్ల బడే అబ్బా ఫోన్ లాక్కున్నారు. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. ఎవరికో మెసేజ్‌లు పెడుతోందని ఆయనకు షక్. తీరా చూస్తే కథ. తనే రాసుకుంటోంది, తెలుగులో. ఓ అమ్మాయి, వాళ్ల గల్లీలో మిషన్ కుట్టే అబ్బాయి. దస్తర్‌ఖాన్ ముందే రెండు పేరాలు గట్టిగా చదివి వినిపించారాయన. ఆమె దుపట్టా రంగుకి సరిపోయే దారం కోసం ఆ అబ్బాయి నాలుగు దుకాణాలు తిరుగుతాడు. ఆ సంగతి ఆమెకు చెప్పడు. అంతే. అందరూ పగలబడి నవ్వారు. "షరీఫ్ ఖాందాన్ ఆడపిల్ల రాసే రాతలేనా ఇవి? తౌబా!" అన్నారాయన. పిల్ల తలెత్తలేదు. ఇరవై ఏళ్లుగా రాతల మీదే రోటీ తింటున్న నేనూ నోరు మెదపలేదు. ఆ షర్మిందగీతోనే ఇది రాస్తున్నా.

భాయీసాబ్, మీరు ఐదు పూటలా నమాజీ. బరీరా, ముగీస్‌ల వాఖియా మీకు తెలిసే ఉంటుంది. బుఖారీ షరీఫ్‌లో ఉంది. బరీరా బానిసత్వం నుంచి ఆజాద్ అయింది. భర్త ముగీస్ ఇంకా బానిసే. అలాంటప్పుడు ఉండాలో, విడిపోవాలో తేల్చుకునే హక్ ఆమెకు వచ్చింది. విడిపోయింది. ముగీస్ మదీనా గల్లీల్లో ఆమె వెనకే ఏడుస్తూ తిరిగాడు. కన్నీళ్లకి గడ్డం తడిసిపోయేదట. అది చూసి హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బేషరమ్ అని కసురుకోలేదు. అతనికి ఆమె మీద అంత మొహబ్బత్, ఆమెకి అతనంటే అంత నఫ్రత్, తాజ్జుబ్‌గా లేదా అన్నారు చిన్నాన్న హజ్రత్ అబ్బాస్‌తో. తిరిగి వెళ్లకూడదా అని బరీరాను అడిగారు. ఇది హుకుమా అందామె. కాదు, సిఫారిష్ మాత్రమే అన్నారు. అయితే నాకు అతని అవసరం లేదంది. అక్కడితో మాట ఆగింది.

ఇంత చిన్న వాఖియా ఇన్ని వందల ఏళ్లుగా దిల్‌ని ఎందుకు పట్టుకుంటోంది? ముగీస్ కోసం మనకు కడుపు తరుక్కుపోతుంది, అయినా బరీరా చెడ్డది కాదు. ఇద్దరి వైపూ నిండుగా ఉంది. ఆమెకి ఇన్‌కార్ చేసే తాకత్ ఉంది కాబట్టే అతని ఇంతెజార్‌కి బరువొచ్చింది. కాదనే వీలే లేని ఆడది "ఊ" అంటే అందులో ఏముంది?

ఈ కిస్సానే మన తెలుగు సినిమా వాళ్ల చేతికిస్తే ఏమవుతుంది? ముగీస్‌కి ఇద్దరు దోస్తులు, మూడు పాటలు. సెకండాఫ్‌లో బరీరా మనసు మారి తీరాలి. వెంటపడటాన్నే ఇష్క్ అని పిల్లలకు నేర్పింది వాళ్లు. ఇక ముస్లిం అమ్మాయైతే మరీ సులువు. సుర్మా కళ్లు, నఖాబ్, కోపిష్టి అబ్బా. 'బొంబాయి' వచ్చి 30 ఏళ్లు దాటింది. గాలికి ముసుగు తొలగగానే హీరో దిల్ ఇచ్చేశాడు. కుర్రతనంలో నాకూ నచ్చింది, అబద్ధమెందుకు? కానీ మన అమ్మాయి తెర మీద మనసు పడాలంటే ముందు ముసుగు ఎగరాలా? దారం వెతికే మిషన్ అబ్బాయి ఆ సినిమాల్లో దొరకడు. మన పిల్లలే రాయాలి.

భాయీసాబ్, ఇంకో మాట. 2014లో జిందగీ ఛానల్‌లో 'జిందగీ గుల్‌జార్ హై' వస్తుంటే మన ఇళ్లల్లో ఎంతమంది ఆపాలు, ఖాలాలు టీవీకి అతుక్కుపోయారో మీకూ తెలుసు. అందులో కషఫ్‌ది ఏ కథ? కొడుకు లేడని మరో నిఖా చేసుకున్న తండ్రి. ఆయన్ని చూసి మగవాళ్ల మీదే భరోసా పోయిన పిల్ల. ఆమె మళ్లీ ఒక మనిషిని నమ్మడం, అదీ నిఖా తర్వాత, భయపడుతూ భయపడుతూ. దాన్ని ఫ్యామిలీ డ్రామా అన్నాం, కలిసి చూశాం. అలాంటిదే మన బిడ్డ తెలుగులో రాస్తే బేహయాయీ అయిందా? వెయ్యేళ్ల కిందట కుర్తుబాకు చెందిన ఇబ్న్ హజ్మ్, ఫిఖ్హ్‌లో అంత పెద్ద ఆలిమ్, ఇష్క్ మీద ఏకంగా కితాబే రాశారు. ప్రేమికుల మీద నిఘా వేసేవాడికి అందులో ఒక బాబ్ కేటాయించారు. ఆ బాబ్‌లో మనమూ ఉన్నామేమో అనిపిస్తుంది నాకు.

నిన్న రాత్రి కోడలికి మెసేజ్ పెట్టా, ఆ తర్వాత ఏమవుతుంది బేటా అని. "డిలీట్ చేసేశా మామూ" అని జవాబు.

ఆ రెండు పేరాలు గట్టిగా చదివింది మీరే భాయీసాబ్. గుర్తున్నంత వరకు చెప్పండి. రాసి పంపిస్తా.