బ్యాకు మధ్యగీత దాటరాదా?

కళాశాల హాకీ జట్టులలో బాలికను బ్యాకుగా నిలిపి, "మధ్యగీత దాటవద్దు" అని కట్టడి చేయు వాడుక మాకు సమ్మతము కాదు. చంద్రపురపు తెలుగు కుటుంబములనుండి హాకీ కర్ర పట్టు పిల్లలకును ఈ మాట వినబడుచునే యున్నది. ఈ ఆట మనకు పరాయిదా? చిత్తూరు సీమ బిడ్డ యగు ఇ. రజని గోలుకీపరుగా భారతజట్టున ఆడలేదా?

2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్సులో మనవారు ఆస్ట్రేలియాను 1-0తో గెలిచిరి. ఆ ఒక్క గోలు ఫార్వర్డుది కాదు, గుర్జీత్ కౌర్ అను బ్యాకుది. 22వ నిమిషమున పెనాల్టీ కార్నరుపై కొట్టినది. తక్కిన 38 నిమిషములును వెనుక వరుసయు, గోలుకీపరు సవితయు దానిని కాపాడిరి. నాలుగు దినములకే బ్రిటనుపై గుర్జీత్ రెండు గోలులు చేసినను, విరామమునకు 3-2తో ముందున్న మనవారు 3-4తో ఓడి కాంస్యము కోల్పోయిరి. గోలు కొట్టుటతోనే పని తీరదు.

కాబట్టి బ్యాకు ముందుకు పోవలెను. ఆమె విడిచిన చోటు మాత్రము ఖాళీగా నుండరాదు. ఎడమ బ్యాకు పోయినచో కుడి బ్యాకు మధ్యకు జరుగవలెను, హాఫ్ ఒకతె వెనుకకు దిగవలెను. ఇద్దరు బ్యాకులును ఒక్కమారు పోరాదు. వర్తకులము గనుక మాకు తోచు పోలిక ఇది: గల్లాపెట్టెవద్ద ఒకరు కూర్చున్నప్పుడే గదా రెండవవారు గోదామునకు పోవుట! ఆఫ్‌సైడు నియమము 1990ల చివర తొలగినప్పటినుండి ప్రత్యర్థి ఫార్వర్డు మన గోలుచెంతనే కాచుకొనియుండవచ్చును. ఈ జాగ్రత్త లేనిచో ఒక్క పొడుగాటి దెబ్బతో గోలు పోవును.

శిక్షకులకు మా మనవి ఒక్కటే. ముందుకు పోయిన పిల్ల బంతి పోగొట్టుకొనినపుడు ఆమెను బయట కూర్చుండబెట్టుటకు ముందు, ఆమె చోటు నింపవలసినది ఎవరో విచారింపుడు.